అన్న దగ్గర ఉన్న కిడ్నీ

మొన్న వానాకాలంలో కడుపునొప్పి ఎంతకీ తగ్గకపోతే వనపర్తికి వెళ్లి స్కానింగు తీయించుకున్నాను. బతుకంతా పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన అలవాటు కొద్దీ, రిపోర్టు చేతికి రాగానే అక్కడే బెంచీ మీద కూర్చుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను. పిత్తాశయంలో చిన్న రాయి అట, భయపడవలసిందేమీ లేదు. ఆ కింది వరుసలో 'సాలిటరీ రైట్ కిడ్నీ' అని ఉంది. అక్కడ ఆగిపోయాను.

ఆ మాట నాకు కొత్తదేమీ కాదు. ఒక్కటే అని చెప్పడానికి 'సింగిల్' చాలు, అది లాడ్జి గదికీ, మంచానికీ సరిపోతుంది. 'సాలిటరీ' అంటే తోడు లేనిది, ఊరికి దూరంగా ఉన్న ఇంటికీ, జైలులో ఒక్కణ్ణే పెట్టే కొట్టుకూ వాడతారు అని ఎన్ని తరగతులకు బోర్డు మీద రాసి చెప్పానో. డాక్టర్లు దాన్ని కిడ్నీకి కూడా వాడతారని మాత్రం అప్పుడే తెలిసింది. మీకు పుట్టుకతోనే ఒకటే ఉందా మేడమ్ అని స్కానింగు అమ్మాయి అడిగితే, లేదమ్మా, రెండోది మా అన్న దగ్గర ఉంది అన్నాను. అన్న పోయి చాలా కాలమైంది. అయినా నా నోటికి అలాగే వచ్చింది.

మాది అయిజ దగ్గరి పల్లె. నాన్న నా చిన్నతనంలోనే పోవడంతో అన్న బడి మానేసి, మా వాడకట్టు వాళ్లతో కలిసి బొంబాయి వైపు మట్టిపనికి పోయాడు. ఏడాదికోసారి క్రిస్మసుకు వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా నా పుస్తకాలు తెరిచి, ఏమీ అర్థం కాకపోయినా పేజీలు తిప్పి మురిసేవాడు. అతని కష్టంతోనే చదువుకుని గద్వాలలో టీచరునయ్యాను. ఇక చాలు, ఇంటికి వచ్చేయమని నేను కబురు పెట్టిన ఏడాదే వచ్చాడు గాని, ముఖమంతా ఉబ్బి, చెప్పులు పట్టనంతగా కాళ్లు వాచి వచ్చాడు. తాగనీకి నీళ్లు కూడా సరిగా దొరకని చోట ఎండలో చేసిన పని వల్లనో, ఒళ్లునొప్పులకు మింగిన గోళీల వల్లనో, కారణం ఇదీ అని ఎవరూ తేల్చి చెప్పలేదు. హైదరాబాదులో పెద్ద దవాఖాన చీటీ మీద 'రీనల్ ఫెయిల్యూర్' అని రాశారు. రీనల్ అనే మాట అప్పటికి టీచరునైన నాకే తెలియదు. అన్న రెండో మాట పట్టుకున్నాడు.

"నేను పరీచ్చలే రాయలే గద చెల్లె, ఏంట్ల ఫెయిలైన్నంటరు?" అని నవ్వాడు.

మూత్రపిండాలని డాక్టరును అడిగి తెలుసుకుని చెప్పాక నవ్వలేదు.

ఆ రోజుల్లో మన దిక్కున డయాలసిస్ ఎక్కడుంది? తెల్లారకముందే బస్సెక్కి హైదరాబాదు పోవడం, అతన్ని లోపలికి పంపి నేను వరండాలో పిల్లల పేపర్లు దిద్దుకుంటూ కూర్చోవడం, వచ్చేటప్పుడు అతను నా భుజం మీద తల పెట్టి నిద్రపోవడం, ఇదే మా బతుకైపోయింది. కండక్టర్లకు మేము గుర్తు. ముందు సీటు ఖాళీ చేయించేవారు. మనిషి రోజురోజుకూ కరిగిపోతుంటే, ఇంట్లో వాళ్లెవరైనా కిడ్నీ ఇస్తే మార్చవచ్చని డాక్టరు చెప్పాడు. అమ్మకు చక్కెర జబ్బు, పనికిరాదన్నారు. నాది సరిపోయింది.

అన్న మాత్రం ససేమిరా అన్నాడు. "నీకు ఇంక పెండ్లి గాలె, పిల్లలు గాలె. నీ కడుపు కోపిచ్చి నేనెట్ల బతుకుత? నాకొద్దు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నేను కూడా ముట్టకుండా అతని మంచం పక్కనే కూర్చుంటే, పొద్దుగూకే వేళకు లేచి, ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టమని అమ్మతో అన్నాడు. అదే అతని ఒప్పుకోలు. ఆపరేషన్ రోజు అమ్మ వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. "ఒక్కని కోసం మొక్కుకుంటుంటి, ఇయ్యాల ఇద్దర్ని లోపలికి తోలిన" అని పక్కనున్న ముసలామెతో అనడం, తలుపు మూసేలోపు నాకు వినబడింది.

అక్కడున్నన్నాళ్లూ నన్ను పేరుతో పిలిచినవాళ్లు లేరు, అందరికీ నేను 'డోనర్'నే. అన్నకు ఆ మాట గిట్టేది కాదు. "డోనరేంది, మా చెల్లె" అని నర్సులను సరిదిద్దేవాడు.

తర్వాత పదేళ్లకు పైగా బతికాడు. పెళ్లి చేసుకోలేదు. నాకు వచ్చిన సంబంధాలూ ఆ సంగతి తెలియగానే వెనక్కి పోయాయి. ఆ బాధ లేదంటే అబద్ధమే, కానీ గద్వాలలో మా మూడు గదుల ఇంట్లో అన్నా, అమ్మా, నేనూ ఉన్న ఆ కాలాన్ని మించినది నా బతుకులో లేదు. అన్న చిన్న టైలరు కొట్టు పెట్టాడు. చెంబెడు నీళ్లు ఎత్తి తాగి, పొత్తికడుపు కుడిపక్కన తట్టుకుని, "నీదానికి దూపైతుండె" అనేవాడు. ఏ రోజైనా నేను బడి నుంచి అలిసి వస్తే, నీదే కదా ఇక్కడుంది, ఇది బాగుంది, మరి నీకేమైంది అని పరాచికాలాడేవాడు. అమ్మ నిద్రలోనే పోయింది. ఆ మరుసటి ఏడు ఊరంతా జ్వరాలు వచ్చినప్పుడు అన్నకూ వచ్చింది. అందరికీ తగ్గింది గాని అతనికి తగ్గలేదు. చివరిదాకా ఆ కిడ్నీ బాగానే పనిచేసిందని డాక్టరు ఓదార్పుగా చెప్పాడు. అయిజలో మా వాళ్ల సమాధుల పక్కన పెట్టె దించుతుంటే, నా ఒంట్లోది ఒకటి నాకంటే ముందే మట్టిలోకి పోతున్నదని తోచింది.

ఇప్పుడు మన దిక్కున కూడా డయాలసిస్ మిషన్లు వచ్చాయి. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికి చేరుతున్నారు, ఎంత మంచి మాట. రిటైరయ్యాక ఒకసారి ఊరికే దవాఖానకు వెళ్లి డయాలసిస్ గది బయట కుర్చీలో కూర్చున్నాను. పక్కనున్నామె సోమశిల వైపు మనిషి, టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉంది. "మీవోళ్లెవరున్నరమ్మా లోపట?" అని అడిగింది.

ఎవరూ లేరని చెప్పాను. ఆమె భర్త బయటికి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్లేదాకా అక్కడే కూర్చున్నాను.