చాచాకు దొరికిన ఆశ్రయం

మా పొరుగింటి చాచా నిన్న సాయంత్రం అసర్ నమాజు వేళకు జైల్లో పోయాడు. క్షయ అని జైలు డాక్టరు రాశాడట. రాసుకోనీ. నేను మాత్రం ఇంకోలా రాస్తాను: రెండు సర్కార్లు కలిసి ఆయన్ను చంపాయి.

లాల్‌దర్వాజా వెనక గల్లీలో ఆయన ఇంటికీ మా ఇంటికీ గోడ ఒకటే. ఖుఫియా కచేరీలో, అంటే రహస్య పోలీసుల దగ్గర, తర్జుమా ఆయన పని. తెలుగువాడు చెప్పింది అధికారికి ఉర్దూలో వినిపించాలి.

“చాచా, నువ్వు జనాన్ని హింసించే జాలిముల నోరువి” అనేవాణ్ణి.

“నీ అసోంటోడు అక్కడికొచ్చి అడ్డగోలుగ మాట్లాడుతడు బేటా. సగం మాటలు నేను మింగుతున్న గాబట్టే బతికి బయటపడుతున్నడు” అని నవ్వేవాడు.

ఆయన ఇంట్లో పరిచి అన్నం పెట్టే గుడ్డకు, దస్తర్‌ఖాన్‌కు, ఒక ఖాయిదా ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు అన్నం. తిని చెయ్యి కడుక్కునేదాకా ఎందుకొచ్చావని అడగకూడదు. ఒకసారి చాచీ తొందరపడి ఒక అతిథిని అడిగేసింది. ఆ మనిషి వెళ్లాక చాచా అన్నాడు: “పని జెప్పిచ్చుకోని పెడితే అది ఖానా గాదు, కూలి.”

ఆ కచేరీలో నేతపని చేసే ఒక యువకుణ్ణి విచారణ పేరుతో కొట్టి చంపారు. కలరా అని తల్లికి కబురు చేసి, శవం కూడా ఇవ్వలేదు. ఆ గదిలో తర్జుమాకు కూర్చున్నది చాచాయే. అతని చివరి మాటల్ని ఉర్దూలోకి మార్చింది ఆయన నోరే. ఆ తర్వాత చాచా అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయేవాడు. ఒక శుక్రవారం సరిహద్దు దాటి ఇంగ్లీషు ఇలాకాకు పోయి, అక్కడి సర్కారుకు జరిగిందంతా చెప్పి ఆశ్రయం అడిగాడు.

ఆశ్రయమిచ్చారని తెలిసి నేను గల్లీలో గంతులేశాను. నిజం చెప్పినవాడికి ఎక్కడో ఒక రాజ్యం తలుపు తెరుస్తుందని కరపత్రాల్లో చదివి నమ్మినవాణ్ణి. ఆ తలుపు ఎందుకు తెరిచారో, చాచాను తిరిగి తెచ్చి ఇక్కడి జైల్లో వేశాక, ములాఖాతులో తెలిసింది.

“మస్తు ఇజ్జత్ ఇచ్చిన్రు బేటా. కుర్చీ, చాయ్, పండుకోనీకి మంచం.”

“మరి ఆ కలరా సంగతి?”

“గదొక్కటే అడగలే. మీ ఫౌజు తాన తుపాకులెన్ని, మీ దర్బారుల ఎవనికి ఎవడు పడడు, గివే సవాళ్లు. పోరని పేరు జెప్పబోతే దొర చెయ్యి అడ్డం పెట్టిండు.”

“గట్లెందుకు చాచా?”

“వాళ్లకు పోరనితోని ఏం పని? నేను గావాలె. ‘మీ మనిషి మా తాన ఉన్నడు, నోరిప్పిస్తే మీ ఇజ్జత్ పోతది’ అని మన సర్కారును బెదిరియ్యనీకి. ఇద్దరికి సుల్హా అయినంక నన్నేం జేసుకుంటరు?”

సుల్హా అయింది, రాజీ కుదిరింది. దేనిమీద అయిందో మనకెవరు చెబుతారు? ఆయన్ను రైలెక్కించి, సరిహద్దు స్టేషనులో మన పోలీసులకు అప్పగించారు.

ఆశ్రయమట! పరాయి రాజు గుట్టు మోసుకొచ్చినవాణ్ణి ఏ సర్కారూ జాలిపడి చేరదీయదు. అవతలివాడి పరువు తన గుప్పిట్లోకి వస్తుందని చేరదీస్తుంది. అలాగని తలుపు తెరవొద్దంటానా? తెరవాల్సిందే. తెరిచి, లోపలికి వచ్చినవాణ్ణి బేరానికి పెట్టడమేమిటి? ఒక తర్జుమా గుమాస్తా ఇంట్లో అన్నం పెట్టే గుడ్డకున్న నీతి అంత పెద్ద సామ్రాజ్యానికి లేకపోయింది.

ఆ రోజు ములాఖాతులో నేను ఇలాగే ఊగిపోతుంటే చాచా ఇనుప జాలీ వెనక నుంచి మెల్లగా అన్నాడు: “నేను జాగ కోసం పోలే బేటా. ఏదన్న ఒక సర్కారు నోటితోని ఆ తల్లికి నిజం జెప్పిద్దామని పోయిన.”

ఏ సర్కారూ చెప్పలేదు. నేనే వెళ్లి చెప్పాను. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఈ ఉదయం చాచా శవాన్ని మోస్తున్న జనాజా గల్లీ మలుపు తిరిగేసరికి ఆ తల్లి అక్కడ నిలబడి ఉంది. జనాజా ఎదురైతే కాసేపు భుజమివ్వడం మా వాడ మర్యాద. ఆడవాళ్లు ఇవ్వరు.

“గీయనేనా?” అని నన్నడిగింది.

“ఈయనే అమ్మా.”

కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి, నా ముందు జనాజా కర్ర కింద నిలబడింది. ఎవరో “అరే” అన్నారు. పొట్టి మనిషి, భుజానికి కర్ర అందలేదు. అప్పుడు ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, మోకాళ్లు వంచారు. ఖబరస్తాన్ దాకా మేమంతా అలా వంగే నడిచాం.