డిష్ కింద తగాదాలు

మార్చి మొదట్లో ఒక ఆదివారం, పప్పులో తాలింపు చిటపటమంటుండగా హాల్లో టీవీ పాట తెగింది. బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరింది. "కేబుల్ ఆయనకు ఫోన్ కొడ్త," అన్నారు మా ఆయన. "కొట్టి ఏమంటరు? సూర్యుణ్ణి జెర పక్కకు జరుపుమంటరా?" అన్నాను. అననైతే అన్నాను గాని, సుల్తానా మేడమ్ ఉంటే ఈపాటికి నన్ను ఎండలోకి లాక్కుపోయేవారు.

బొల్లారం అవతల, ఉపగ్రహంతో మాటలూ బొమ్మలూ ఇచ్చిపుచ్చుకునే ఎర్త్ స్టేషన్‌లో నేను చేరినప్పుడు ఆవిడే మా ఇన్‌చార్జి. భూమధ్యరేఖకు ముప్పయ్యారు వేల కిలోమీటర్ల పైన, భూమితోపాటే తిరుగుతూ మాకు మాత్రం కదలనట్టే కనిపించే ఉపగ్రహం అది. ఏటా రెండుసార్లు, కొన్ని రోజులపాటు, రోజూ కొన్ని నిమిషాలు సూర్యుడు సరిగ్గా దాని వెనక్కు వస్తాడు. ఆ హోరులో దాని సన్నని సంకేతం మునిగిపోతుంది. ఆ కాసేపు ఎవరూ చేయగలిగింది లేదు. మిగతావాళ్లు ఫోన్లలో సంజాయిషీలు చెప్పుకుంటుంటే మేడమ్ నన్ను పెద్ద డిష్ దగ్గరికి తీసుకెళ్లేవారు. ముందు కడ్డీల మీద నిలిపిన రిసీవర్ నీడ వచ్చి డిష్ నడిమధ్యన కూర్చునేది.

"ఇగ షురూ చెయ్ పిల్లా," అనేవారు. "సిగ్నలొచ్చేదాక నేను మేడమ్‌ను కాదు. ఏం తిడ్తవో తిట్టు. లోపలికి పోయినంక పని."

నేను వదులుతానా? డ్యూటీల మీద, సెలవుల మీద, ఆవిడ చాయ్‌లో చక్కెర మీద కూడా పోట్లాడాను. నా నోటికి జడిసి తప్పుకునేవాళ్లనే చూశాను అప్పటిదాకా. నిలబడి, నవ్వి, తిరిగి వాదించిన మనిషి ఆవిడొక్కరే.

ఆవిడ రిటైరయ్యే ఏడాది ఆ నిమిషాల కోసమే కాచుక్కూర్చున్నాను.

"ఇంకో రెండేండ్లు ఉండుమన్నరంట. మీరే వద్దన్నరంట. ఏందీ మేడమ్ గిది? పానం బాగలేదా?"

"గుర్రం లెక్క ఉన్న."

"మరేం తక్లీఫ్?"

"శాటిలైట్ల ఇంధనం మొత్తం అయిపోయేదాక ఉంచుతమా?"

"ఉంచం. కొంచెం మిగిలి ఉండంగనే ఇంకా పైకి పంపిస్తం. ఆ జాగకు కొత్తది రావాలె గదా. మీరేమన్న శాటిలైటా? మాట తిప్పకున్రి."

"నా సీటుకు నీ పేరు రాసిచ్చిన. నేనే కూసుంటే నువ్వేడ కూసుంటవ్, పిచ్చిదానా?"

నేను జవాబు వెతుక్కునేలోపే నీడ పక్కకు జరిగింది. సిగ్నల్ వచ్చిందని లోపలినుంచి ఎవరో కేకేశారు. ఆవిడ పనిలోకి వెళ్లిపోయారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ సీట్లో నేనున్నాను. ఆ రోజు అనాల్సిన జవాబు కోసం మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. మోండా మార్కెట్‌లో వంకాయలు ఏరుతుండగా ఒకటి దొరుకుతుంది. ఇల్లు చేరేలోపే దాన్ని ఆవిడ ఎలా తిప్పికొడతారో తడుతుంది, ఆవిడ గొంతుతోనే. మళ్లీ ఇంకోటి వెతుక్కుంటాను. ఓడిపోయానని ఒప్పుకుంటే తగాదా అయిపోతుంది కదా.