తడి ఆరని చెక్కనేల

శనివారం ఆవిరిస్నానం చేసి తల ఆరబెట్టుకుంటున్న హెల్వికి భర్త ఓస్కరి కొత్త నవల చదివి వినిపిస్తున్నాడు. ఎప్పుడో ఐదువందల ఏళ్ల కిందట సుల్తాను ఫిరంగులకు ఒక మహానగరం కూలిపోయిన కథ అది. కోటగోడ బద్దలైంది. జనం ఓడరేవుకు పరుగెత్తారు.

"ఆపవయ్యా," అంది హెల్వి. "ఇళ్లొదిలి పోయేవాళ్లు ఒక్కరూ నేల కడగలేదా?"

"తరుముకొస్తుంటే నేల కడుగుతారటే, పిచ్చిదానా?"

"మనం కడగలేదూ? ఇది రాసినాయన ఎన్నడూ ఊరొదిలి ఎరగడు, అంతే."

ఓస్కరి పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశాడు. యుద్ధం రోజుల్లో, రష్యా సేనలు తమ సొంత ఊరు వీపురి మీదికి వస్తున్న ఆ వేసవిలో, అతను వాకిట్లో బండి పెట్టుకుని కేకలేస్తుంటే, ఆమె మోకాళ్ల మీద కూర్చుని వంటింటి చెక్కనేల తోమింది. వచ్చేవాడు శత్రువైనా సరే, మురికిల్లు అప్పగిస్తే నా పరువేం కాను అంది. ఆ వీధి ఆడవాళ్లంతా అదే పనిలో ఉన్నారు. తోముతూ తోముతూ గుమ్మం దాకా వెనక్కి జరిగి, అట్నుంచటే బండెక్కింది. ఇక్కడ, వచ్చి తలదాచుకున్న లాహ్తి పట్టణంలో, అద్దెగది నేల ఎన్నిసార్లు తోమినా ఆ తడిచెక్క వాసన రాలేదు.

"చదవనా?"

"చదువు." అతను పుస్తకం తెరుస్తుంటే మెల్లగా అడిగింది. "మన నేల ఆరేదాకానైనా ఆగి తొక్కి ఉంటారంటావా?"