పిట్టగోడ

మంచిర్యాలలో మా ఇల్లు గోదావరికి మరీ దగ్గర. దిగువన బ్యారేజీ వచ్చాక ఎండాకాలంలోనూ ఇసుకదిబ్బలు తేలడం మానేశాయి. ఆ దిబ్బల మీద గుడ్లు పెట్టుకునే తీతువు పిట్టల జంట ఒకటి జాగా లేక మా స్లాబు ఎక్కింది. పై అంతస్తు కోసం మా నాన్న, బాపు, కంకర తెప్పించి అది కట్టకుండానే పోయాడు. ఆ కంకరలో గుడ్లు పెట్టింది.

"తీతువ ఇంటి మీద ఒర్రితె మంచిది గాదు, ఎల్లగొట్టు" అని అవ్వ నా ప్రాణం తీసింది. కిరాయి లేకుండా ఉంటే ఉండనీ అన్నాను.

వానలు ముదిరి వరద ఇంట్లోకి వచ్చింది. నడుములోతు అయ్యేసరికి అవ్వా నేనూ టార్పాలిన్ పట్టుకుని స్లాబు ఎక్కాం. అక్కడ ఇంటివాళ్లం మేం కాదు. కాలు కదిపితే చాలు, తల్లిపిట్ట గుడ్ల మీంచి లేచి మా నెత్తి మీదికి దూకేది. అది లేస్తే గుడ్లు తడుస్తాయి. అందుకని ఓ మూలన ముడుచుకుని కూర్చున్నాం. చుట్టూ నీళ్లు, పైన వాన, ఎదురుగా ఆ అరుపు.

"దీని పెత్తనం జూడు" అని అవ్వ గొణిగింది గానీ, కాళ్లు తిమ్మిరెక్కినా చాపలేదు.

మర్నాడు పొద్దున రెండు పిల్లలు బయటికొచ్చాయి. తీతువు పిల్లల నోటికి తిండి అందించదు. వెంట నడిపించుకుపోతుంది, అవే ఏరుకోవాలి. తల్లి ఎదురుగా రైలుకట్ట మీద వాలి పిలిచింది. పిల్లలు పరుగెత్తి పిట్టగోడకు తగిలి ఆగిపోయాయి. మళ్లీ పిలుపు, మళ్లీ గోడ. దానికి పిట్టగోడ అని పేరెవరు పెట్టారో గానీ, నాకు ఒళ్లు మండింది.

సాయంత్రానికి మా కోసం పడవ వచ్చింది. పిల్లల్ని కొంగులో వేసుకుందామని అవ్వ వంగింది. తల్లి ఒక్క కేక వేయగానే అవి నేలకు అతుక్కుపోయాయి. ఏది కంకరో ఏది పిల్లో తెలియలేదు. "మనుషులకే జాగ లేదు, జల్ది రా అవ్వా" అన్నాడు పడవతను. వచ్చేశాం.

వరద తీసి ఇంటికి తిరిగొచ్చాక అవ్వే ముందు స్లాబు ఎక్కింది. పిట్టగోడ మూలన రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఎండిపోయి ఉన్నాయి. ఆ రోజు అవ్వ అన్నం ముట్టలేదు.

ఈ ఎండాకాలం తీతువు మళ్లీ అదే కంకరలో గుడ్లు పెట్టింది. వరద వచ్చే ఇల్లు ఎవరూ కొనరు కాబట్టి మేమూ ఇక్కడే ఉన్నాం. మొన్న పైన చప్పుడైతే వెళ్లి చూశాను. అవ్వ ఆ చివర గడ్డపారతో పిట్టగోడ ఇటుకలు ఊడగొడుతోంది.

"గింత ఎత్తుకెల్లి పిల్లలు పడ్తయి గదనే" అన్నాను.

"పడనీ" అంది అవ్వ, ఇంకో ఇటుక పీకుతూ. "పడితెనే బయటపడ్తయి."