మూడో రీల్లో మేనబావ

డోన్ దాటాక, సినిమా రీళ్ల పెట్టెలకు ఆనుకొని కూర్చున్న గిడ్డయ్య, ఎండలో నడిచిపోతున్న సంతోషమ్మను చూసి ఎద్దులబండి ఆపించాడు. ఆమె కూతురు కృపమణి మిషన్ బళ్లో పంతులమ్మ. రెండేళ్లుగా అతని మనసంతా ఆ పిల్ల మీదే.

"ఎక్కత్తా. మీ వూరికే పోతాండా. సాయంత్రం చర్చి ముందర క్రిస్మస్ బొమ్మ."

"అత్తనెప్పుడైనానప్పా నీకు?"

"రేపట్నుంచి అందామని."

సంతోషమ్మ బండెక్కి చెప్పింది: "పిల్లకు నీ మీద మనసుండాది. మా అన్న కొడుకు దేవదానమూ అడుగుతాండాడు. నాకేమో ఎటూ తెగలేదు. రేపు ఆరాధన అయినాక పెద్దల ముందర మాటిస్తా."

గిడ్డయ్య పని, గుడారం సినిమాలో ఇంగ్లీషు బొమ్మలకు తెరపక్కన నిలబడి తెలుగులో కథ చెప్పడం. కర్నూల్లో రాజధానే గుడారాల్లో కాపురముంటున్న రోజులు; సినిమాకేం తక్కువ? అతనికి ఇంగ్లీషు రాదు. అవసరమూ లేదు. చవగ్గా చుట్టేసిన క్రిస్మస్ ప్రేమకథలన్నీ ఒక తల్లి బిడ్డలే. పట్నం పిల్ల పల్లెకు పోతుంది, కట్టెలు కొట్టేవాడితో కయ్యమాడుతుంది, మంచు కురుస్తుంది, కయ్యం కరుగుతుంది. ఆ మంచుకన్నా ఆదోని పత్తి జిన్నుల్లో ఎగిరే దూదే నయం.

ఆ సాయంత్రం మూడో రీలు ఎక్కించేసరికి కట్టెలవాడి చోట మీసాలవాడు నిలబడి ఉన్నాడు. నిరుటి బొమ్మ రీలు కలిసిపోయింది. పిల్లా మారింది గానీ, ఆ బొమ్మల్లో పిల్లలను కన్నతల్లులే గుర్తుపట్టలేరు.

"ఎవురప్పా వీడు?" అన్నారెవరో.

సంతోషమ్మ ముందు మాట తడబడితే పరువేముంది? "పిల్ల మేనబావ," అన్నాడు గిడ్డయ్య ఠకీమని. "మిలిటరీ నుంచి వచ్చినాడు. పిల్ల మీద హక్కు ఆయప్పదే."

"అదీ న్యాయం," అన్నాడొక ముసలాయన. చప్పట్లు మోగాయి. చప్పట్లు విన్న నోరు ఊరుకుంటుందా? "మేనబావ వుండంగా దారిన పోయేటోనికి పిల్లనిస్తే, ఆ తల్లిని ఏమనాల?"

అప్పుడు కనిపించింది సంతోషమ్మ ముఖం. తీర్పు విన్నదానిలా తలూపుతోంది. తెర మీద ముద్దు రాగానే ఆపరేటరు అలవాటుగా లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

మరునాడు పెద్దలు అడిగితే సంతోషమ్మ అంది: "దేవదానానికే ఇస్తా. నిన్న గిడ్డయ్యప్పే చెప్పినాడు గదా, వూరు విన్యాది."

"అది బొమ్మ కథ గదత్తా," అన్నాడు గిడ్డయ్య.

"కథలో ఒక న్యాయం, కొంపలో ఒక న్యాయమా?" అన్నాడు ముసలాయన.

కృపమణి గిడ్డయ్య వైపు తిరిగింది. "ఇంతకూ ఆ కట్టెలాయప్ప ఏమైనాడు? చెప్పనేలేదే."

కట్టెలవాడి తరఫున ఒక్క మాట చెబితే చాలు, ఆ పిల్ల కాచుకొనే ఉంది. ఊరంతా తనవైపే చూస్తుంటే గిడ్డయ్యకు ఆ ఒక్కటీ దొరకలేదు. కండువా దులిపి భుజాన వేసుకొని, పెట్టెలనూ బండినీ వదిలేసి, డోన్ దారి పట్టాడు.