హెల్సింకి వెళ్ళేవాళ్ళకు అంకుల్ చెప్పిన జాగ్రత్తలు

పాతికేళ్ళ వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో, న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో గోడలు చెమర్చే ఒక ఫ్లాట్‌లో, వేసవిలోనూ ఇంట్లో జాకెట్ విప్పకుండా బతుకుతూ, నన్ను నేనొక పెద్ద సాఫ్ట్‌వేర్ నిపుణుణ్ణి అనుకునేవాణ్ణి (ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం). అలాంటి నన్ను ఆఫీసువాళ్ళు జనవరిలో వారం రోజుల ట్రెయినింగ్‌కి హెల్సింకి పంపుతామన్నారు. ఆ కబురు మా తెలుగువాళ్ళ శనివారం భోజనాల్లో పొక్కగానే హెల్సింకి అంకుల్ నన్ను పట్టుకున్నారు.

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు మాలో ఎవరూ లేరు. న్యూజిలాండ్ రాకముందు కొన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉద్యోగం చేశారు. పప్పులో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే చాలు, "అదే హెల్సింకిలో అయితేనా" అని అందుకునేవారు. ఆయన మొదలుపెట్టగానే ఆంటీ ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఆవిడకీ విని విని విసుగొచ్చిందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇక రోజూ సాయంత్రం వెల్లింగ్టన్ నుంచి ఇంటికొచ్చే రైల్లో నా పక్క సీటు ఆయనదే. "ట్రామ్‌లో ఎవరి పక్కనా కూర్చోకు. పలకరించకు, కంగారుపడతారు. మంచు మీద పాదమంతా ఆనించి బాతులా నడువు. సౌనాకి, అదే ఆవిరి స్నానానికి, పిలిస్తే మాత్రం బట్టలతో వెళ్ళకు."

"మరి?"

"మరేం లేదు. లేకుండానే," అన్నారు, చాలా మామూలుగా. ట్రెయినింగ్ మానేద్దామా అని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

ప్రయాణానికి ముందురోజు ఆంటీ ఒక్కరే కందిపొడి సీసా పట్టుకుని మా ఫ్లాట్‌కి వచ్చారు. కూర్చోలేదు. "బాబూ, ఆయన అన్నీ చెబుతారు గానీ అసలుది చెప్పలేరు. మా పాప అక్కడే ఉంది," అన్నారు. నాకు అర్థం కాలేదు. నెల నిండకుండానే పోయిందట. పసిపిల్లల్ని కాల్చరు కదా, సముద్రం పక్కనున్న శ్మశానంలో పూడ్చారట. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఉండలేక ఇటు వచ్చేశారట. "వీలైతే ఒకసారి చూసి రా. గేటు దాటాక ఎడమవైపు. తెల్ల కాండం చెట్లు రెండుంటాయి, వాటి మధ్య చిన్న రాయి." ఆవిడ వంటింట్లోకి వెళ్ళిన ప్రతిసారీ మేం నవ్విన నవ్వులు గుర్తొచ్చి, సీసా అందుకున్న చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాకు జనవరి నడివేసవి. షాపుల్లో ఈత బట్టలు తప్ప ఉన్ని బట్టలు దొరకవు. దొరికినవాళ్ళ స్వెట్టర్లన్నీ అడిగి తెచ్చుకుని, అన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని హెల్సింకి ట్రామ్ ఎక్కాను. లోపల మే నెల విజయవాడలా ఉంది. (గోడలు చెమర్చే ఇంట్లో ఉన్నవాడికి, లోపల వెచ్చగా ఉంచుకునే దేశాలుంటాయని ఎలా తెలుస్తుంది?) ఉల్లిపాయలా ఒక్కో పొర వలుచుకుంటూ కూర్చున్నాను. ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

శ్మశానం చేరేసరికి మధ్యాహ్నమే చీకటి పడుతోంది. గేటు దగ్గర అందరూ కొంటున్నారని నేనూ గాజు గ్లాసులో పెట్టిన కొవ్వొత్తి ఒకటి కొన్నాను. ఎడమవైపు తిరిగితే కనుచూపు మేరా తెల్ల కాండం చెట్లే. రాళ్ళన్నీ మోకాలి లోతు మంచులో ఉన్నాయి. చేతులతో తవ్వాను. ఎవరి తాతగారో బయటపడ్డారు. ఇంకోచోట తవ్వాను. మరో తాతగారు. వేళ్ళు మొద్దుబారాయి, ముక్కూ కళ్ళూ కారడం మొదలైంది.

చేతికర్రతో ఒక ముసలావిడ చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది. నేను ఇంగ్లీషులో "పాప" అన్నాను, చేతులతో అంత చిన్నదని చూపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక పెద్ద రాతి దగ్గరికి తీసుకెళ్ళింది. దాని చుట్టూ మంచులో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. "సమాధి దూరంగా ఉన్నవాళ్ళు ఇక్కడ పెడతారు," అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. తన కొవ్వొత్తితో నాది వెలిగించింది. దాన్ని మిగతావాటి పక్కన మంచులో పెట్టాను.

తిరిగొచ్చాక వాళ్ళింటికి వెళ్ళి, "దొరకలేదు ఆంటీ," అన్నాను. ఆ పెద్ద రాయి సంగతీ చెప్పాను. ఆవిడ చీర కొంగు మడతపెడుతూ అడిగారు.

"ఎన్ని దీపాలున్నాయి?"

"చాలా ఉన్నాయి ఆంటీ."

"అయితే చీకట్లో లేదు," అన్నారు.

అంకుల్ కిటికీ వైపు తిరిగి, "ట్రామ్‌లో ఎవరైనా పలకరించారా?" అని అడిగారు. లేదన్నాను. "చెప్పానా," అన్నారు.

ఆ ఏడు జూన్‌లో, అక్కడ మంచు కరిగాక, ఇద్దరూ కలిసి బయల్దేరారు. వానలో ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేసింది నేనే. దారంతా హెల్సింకిలో ఎలా మసలుకోవాలో నేను చెబుతూనే ఉన్నాను. ఏ ట్రామ్ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఒంటి మీద ఎన్ని బట్టలుండాలి. ఆ ఊళ్ళో కాపురం చేసి, బిడ్డను కని పోగొట్టుకున్న ఆ ఇద్దరూ, వారం ఉండొచ్చిన నా సలహాలన్నీ వెనక సీట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని శ్రద్ధగా విన్నారు. మధ్యమధ్య "అలాగే బాబూ" అన్నారు కూడా. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇద్దరిలో ఒక్కరైనా నోరు మూసుకోమని చెప్పి ఉండాల్సింది.