బాపు ఫొటోకు దండ

ఆ బ్రోకర్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయిన ఎండాకాలం కరీంనగర్‌లోని మా ఇల్లు అమ్మకానికి పెట్టాం. అది అమ్ముడుపోతే బాపు, అంటే మా నాన్న, దుబాయ్‌లో పని వదిలి వచ్చి ఇక్కడే దుకాణం పెట్టుకుంటాడు. అందుకే, నెట్‌లో పెట్టే ఫొటోల కోసం బ్రోకర్ చెప్పినట్టల్లా ఆడాను. బొంతలు దాచాను, బట్టల దండెం విప్పాను, బిందెలన్నీ మేడ మీదికి మోశాను.

ఫొటోలు తీయడానికి వచ్చిన బ్రోకర్ గోడ మీద బాపు ఫొటో చూసి, "బాపు లేడా చెల్లె?" అని మెల్లగా అడిగాడు.

"లేడన్నా" అని చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాను.

సాయంత్రం మందమర్రి నుంచి చిన్నమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. మా అమ్మను అవ్వ అంటాం; అవ్వ ఆ రోజు చెల్లెలింట్లోనే ఉంది.

"బావకు ఏమైందే? నెట్ల ఫొటో చూసి మీ అవ్వ పడిపోయింది!"

నేనూ ఫోన్‌లో చూశాను. బాపు ఫొటోకు ప్లాస్టిక్ పూలదండ! నేను వంటింట్లో ఉండగా బ్రోకర్ తన అలంకరణ సామానులోంచి తీసి వేసి, ఫొటో తీశాక దండ సంచిలో వేసుకుపోయాడు కాబట్టి నాకు తెలియలేదు.

బాపుకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పొద్దున్నే మాట్లాడాను కదా అనుకుంటూనే మళ్లీ మళ్లీ చేశాను. ఆరోసారి ఎత్తి, "డ్యూటీల ఉన్న బిడ్డా, ఏమైంది?" అన్నాడు. చిన్నమ్మ ఫోన్‌ను కూడా కలిపి ఆ గొంతు వినిపిస్తేగానీ అవ్వ లేచి కూర్చోలేదు.

తర్వాత బ్రోకర్‌కు ఫోన్ చేశాను.

"నువ్వే లేడంటివి గద చెల్లె! పాపం అని దండేసిన."

"లేడంటే ఇంట్ల లేడని! దుబాయ్‌ల ఉన్నోణ్ణి సంపుతవా? గా దండ నీ ఫొటోకేస్కో!"

ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు, నా కోపమూ పోలేదు. ఇప్పుడు బాపు గురించి ఎవరడిగినా 'లేడు' అనను. "ఉన్నడు, దుబాయ్‌ల ఉన్నడు" అని గట్టిగా చెప్తాను.